'రక్తం' కాస్తా 'రకం' అయిన కేసు: పాత డబ్ల్యూఎంఎఫ్ బొమ్మల నుంచి తెలుగు లేబుళ్లు బయటికి తీయడం

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న ప్రచురణకర్త ఇంటర్మీడియట్ తెలుగు మీడియం పిల్లల కోసం పాతికేళ్ల కిందట జంతుశాస్త్రం గైడ్లు వేశారు, నాలుగు భాగాలు. రాసిన మాస్టారు రిటైరై చాలాకాలమైంది. బొమ్మలు ఆయన పెన్సిల్‌తో గీసి ఇస్తే, అప్పటి డీటీపీ ఆపరేటరమ్మ వాటిని కోరెల్ డ్రాలో మళ్లీ గీసి, తెలుగు లేబుళ్లు పెట్టి, పేజ్‌మేకర్ పేజీల్లో అతికించడానికి డబ్ల్యూఎంఎఫ్ ఫైళ్లుగా తీసేవారు. ఇప్పుడు ఆ పుస్తకాలు మళ్లీ వేద్దామనుకున్నారు. పేజ్‌మేకర్ ఫైళ్లున్న సీడీలు గీతలు పడి చదవడం లేదు. కోరెల్ ఫైళ్లు అసలే లేవు. మిగిలింది ఒక ఫోల్డర్, అందులో 312 డబ్ల్యూఎంఎఫ్ బొమ్మలు. అచ్చు పుస్తకాల్లో మొదటి రెండు భాగాలే దొరికాయి. మూడు, నాలుగు భాగాల కాపీ ఒక్కటి కూడా ఎవరి దగ్గరా లేదు.

నా పని ప్రీప్రెస్, అంటే అచ్చుకు వెళ్లేముందు ఫైళ్లు సిద్ధం చేయడం. ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష కొంచెం వచ్చు. మనుషుల్ని, సంస్థని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి రాస్తున్నాను. ఫాంటు పేరు కూడా చెప్పను, జరిగిన పొరపాటు దానిది కాదు కాబట్టి.

ఈ ఫార్మాట్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. డబ్ల్యూఎంఎఫ్ అంటే విండోస్ మెటాఫైల్, విండోస్ 3.0 నాటి సరుకు. దాన్ని బొమ్మ అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. అందులో ఉన్నది బొమ్మ గీయమని విండోస్‌కి ఇచ్చిన ఆర్డర్ల చిట్టా. ముగ్గు వేసి చూపించకుండా 'పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వచ్చేవరకు' అని చీటీ రాసి పంపినట్టు. ఈ కలం తీసుకో, ఈ రంగు తీసుకో, ఈ బిందువుల్ని కలుపు, ఆ కలం పారేయ్, ఇలా వరసగా రికార్డులుంటాయి. అక్షరాలదీ అదే దారి: ఫలానా పేరున్న ఫాంటు తీసుకో, ఫలానా చోట ఈ బైట్లు రాయి. ఫాంటు ఫైల్లో ఉండదు. దాని పేరు మాత్రమే ఉంటుంది, అదీ 32 బైట్లకు మించకుండా.

ఫైళ్లు నా దగ్గరికి చేరడమే ఒక తంతు అయింది. ప్రచురణకర్త పంపిన ఈమెయిల్‌ని వాళ్ల సర్వరే ఆపేసింది. కారణం పాతది. 2005 డిసెంబరులో ఈ ఫార్మాట్‌లోని ఒక ఆర్డరును అడ్డం పెట్టుకుని, బొమ్మ తెరిస్తే చాలు కంప్యూటర్లోకి చొరబడే దాడులు బయటపడ్డాయి. ప్రింటింగ్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో చెప్పడానికి పెట్టిన ఆర్డరు అది. దానికి మైక్రోసాఫ్ట్ 2006 జనవరి 5న ప్యాచ్ ఇచ్చింది. అప్పటి నుంచి ఈ రకం ఫైలంటే చాలా మెయిల్ సర్వర్లకు అనుమానమే. చివరికి బస్సులో పెన్‌డ్రైవ్ వచ్చింది.

చూడగానే కనిపించినవి

తెరిచి చూస్తే మూడు రకాల తేడాలు కనిపించాయి. ఒకటి, గీతలన్నీ బాగానే ఉన్నా లేబుళ్ల స్థానంలో తల మీద చుక్కలు, తోకలు ఉన్న రోమన్ అక్షరాల గజిబిజి. రెండు, కొన్ని బొమ్మలు అడ్డంగా సాగిపోయాయి, మూత్రపిండం కాస్తా మైసూర్‌పాక్ ముక్క ఆకారంలో ఉంది. మూడు, కొన్నింటిలో వంపులు నున్నగా లేవు, దగ్గరగా చూస్తే ముక్కలు ముక్కలుగా ఉన్నాయి.

మొదటిది ఊహించిందే. అప్పటి తెలుగు ఫాంట్లకు యూనికోడ్‌తో (ప్రతి భాష అక్షరానికీ విడి నంబరు ఇచ్చే ఇప్పటి పద్ధతితో) సంబంధం లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలు సర్దేవారు: తలకట్టు ఒక గడి, దీర్ఘం ఒక గడి, వత్తులు ఒక్కొక్కటి ఒక్కో గడి. ఫైల్లో ఉండే బైటు ఆ గడి నంబరే. ఫాంటు లేకపోతే ఆ గళ్లలోని అసలు రోమన్ గుర్తులే కనిపిస్తాయి.

తేలికనిపించిన దారులు

పాత పుస్తకం స్కాన్ చేసి ట్రేస్ చేయడం మొదటి ఆలోచన. రెండు భాగాలకే పుస్తకముంది కాబట్టి సగం పని అక్కడే ఆగిపోతుంది. ఉన్న రెండిట్లోనూ సిరా పరుచుకుపోయి సన్న గీతలు లావెక్కాయి. ఒక పూట చూసి వదిలేశాను.

రెండోది, లేబుళ్లన్నీ చెరిపేసి కొత్తగా టైపు చేయించడం. నిజానికి ఇది చెడ్డ ఆలోచనేం కాదు. లేబుళ్లు మొత్తం మూడువేలకు లోపే, మంచి ఆపరేటరుకి వారం పని. కానీ దేన్ని చూసి టైపు చేయాలి? మూడు, నాలుగు భాగాల లేబుళ్లు ఈ ఫైళ్లలో తప్ప ఇంకెక్కడా లేవు. మాస్టారికి గుర్తున్నవి చెబుతారు, కానీ ఎనభై దాటిన మనిషి చేత పాత బాణం గుర్తులన్నిటికీ మళ్లీ పేర్లు పెట్టించడం అంటే పుస్తకం మళ్లీ రాయించడమే. కాబట్టి ఫైళ్లే మూలం, వాటి నుంచే తీయాలని నిర్ణయించుకున్నాను. ఇది సరైన నిర్ణయమే. తీసే పద్ధతి దగ్గరే బోల్తా పడ్డాను.

విఫలమైన పని

అప్పటి ఆపరేటరమ్మ ఇప్పుడు ఒక మీసేవ కేంద్రం నడుపుతున్నారు. ఆమెని అడిగితే ఫాంటు సీడీ వెతికి పట్టుకున్నారు. ప్రచురణకర్త పేరు మీదే కొన్న లైసెన్సు కాబట్టి వాడుకోవడానికి ఇబ్బంది లేదు. ఫాంటు ఎక్కించాను, గజిబిజి పోయి తెలుగు వచ్చింది. అబ్బ, ఇంతేనా అనిపించింది. 312 ఫైళ్లనూ ఒక్క దెబ్బలో ఎస్‌వీజీలుగా (ఇప్పటి సాఫ్ట్‌వేర్ చదివే గీతల బొమ్మలుగా) మార్చి, అక్షరాలు కూడా గీతలైపోయిన పీడీఎఫ్‌లు చేసి మాస్టారికి పంపాను. పంపేముందు నేనూ పది బొమ్మలు చూశాను. అంతా తెలుగే, చదువుకోవడానికి హాయిగా ఉంది.

రెండు రోజులకు ఫోనొచ్చింది. "ఏమయ్యా, గుండెలో ఎన్ని రకాలున్నాయేంటి?"

అర్థం కాక ఫైలు తెరిచాను. గుండె అడ్డుకోత బొమ్మ. ఎడమ జఠరికలో 'ఆమ్లజని సహిత రకం'. కుడి జఠరికలో 'ఆమ్లజని రహిత రకం'. రక్తంలో త వత్తు పోయింది. ఇంకో పేజీలో పిత్తాశయం 'పితాశయం' అయింది. మాస్టారు గుండె దగ్గర ఆగారు కాబట్టి బతికాను. కాలేయం బొమ్మ ఒక్కటే పంపి ఉంటే ఎవరి కంటా పడకుండా అచ్చయిపోయేదేమో.

ఎందుకిలా జరిగిందో తేల్చడానికి ఒక రోజు పట్టింది. ఈ ఫాంటులో త వత్తు ఉన్నది 173వ గడిలో. పాత విండోస్ ఆ గడిలో ఏముంటే అది గీసేసేది. ఎస్‌వీజీగా మార్చినప్పుడు ఆ బైటు యూనికోడ్‌లోని 'సాఫ్ట్ హైఫన్' అయింది. మాట వరస చివర విరిగితే తప్ప ఆ గుర్తు కనిపించకూడదు. కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని మర్యాదగా దాచేసింది. అక్షరాల్ని గీతలుగా మార్చినప్పుడు, కనిపించనిది గీతే కాలేదు. మాయమైపోయింది. ఇదే కోవలో 129, 141, 143, 144, 157 గళ్లు కూడా ప్రమాదకరం. విండోస్ పశ్చిమ యూరప్ కోడ్ పేజీలో (ఏ నంబరుకు ఏ అక్షరమో చెప్పే పట్టికలో) ఈ అయిదింటికీ అక్షరమే లేదు, కాబట్టి మార్పిడిలో ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది. మా ఫాంటులో వాటిలో రెండు వాడుకలో ఉన్నాయి.

ఇక్కడ నా తప్పు సాంకేతికమైంది కాదనుకుంటున్నాను. గజిబిజిగా ఉన్నప్పుడు ప్రతి అక్షరాన్నీ అనుమానించాను. తెలుగు కనబడగానే అనుమానం మానేశాను. పైగా 'రకం' నిఘంటువులో ఉన్న మాట, స్పెల్ చెకర్ కూడా పట్టుకోదు.

పని చేసిన దారి

ఆ పీడీఎఫ్‌లన్నీ పక్కన పెట్టి మళ్లీ అసలు ఫైళ్ల దగ్గరికే వచ్చాను. ఈసారి ఎవరి చేతా బొమ్మ గీయించకుండా చిట్టానే చదవాలనుకున్నాను. బైట్లు చేతికొస్తే వాటిని తెలుగులోకి మార్చేది నేనే, మధ్యలో వేరే సాఫ్ట్‌వేర్ ఊహలుండవు.

డబ్ల్యూఎంఎఫ్ చదవడం కష్టమేం కాదు. 18 బైట్ల హెడర్, ఆ తర్వాత వరస రికార్డులు. ప్రతి రికార్డు మొదట్లో దాని పొడవు (రెండేసి బైట్ల లెక్కన), తర్వాత ఆర్డరు నంబరు. 763 అంటే ఫాంటు తయారు చేయి. 301 అంటే ఫలానా వస్తువు చేతిలోకి తీసుకో. 496 అంటే పారేయ్. 2610 అంటే అక్షరాలు రాయి. ఈ నాలుగూ చాలు, లేబుళ్లన్నీ బయటికొస్తాయి అనుకున్నాను.

మొదటి స్క్రిప్ట్ ఒక పూటలో రాశాను, అదీ తప్పే. కొన్ని బొమ్మల్లో తెలుగు లేబుళ్లు ఇంగ్లిష్ ఫాంటులో ఉన్నట్టు, బొమ్మలోని భాగాలకు గుర్తుగా పెట్టిన రోమన్ అక్షరాలు తెలుగు ఫాంటులో ఉన్నట్టు చూపిస్తోంది. కారణం వస్తువుల నంబర్లు. ఫాంటు, కలం, రంగు తయారైన ప్రతిసారీ విండోస్ దానికి ఒక అర కేటాయిస్తుంది. గుడి బయట చెప్పుల స్టాండ్ అనుకోండి: ఎవరైనా చెప్పులు తీసుకుపోతే ఆ అర ఖాళీ, తర్వాత వచ్చినవాళ్లకు ఖాళీ అరల్లో మొదటిది ఇస్తారు. నేను మాత్రం కొత్తగా వచ్చిన ప్రతిదానికీ చివరి నంబరు ఇచ్చుకుంటూ పోయాను. దాంతో మూడో అరలో కొత్త ఫాంటుంటే నేను పాత కలం ఉందనుకున్నాను. పారేసిన అరను మళ్లీ వాడేలా దిద్దగానే ఫాంట్లు సరిపోయాయి. సొంతంగా ఈ ఫార్మాట్ చదవబోయేవాళ్లు ముందు ఇదే చూసుకోవాలి. ఎర్రర్ ఏమీ రాదు, ఫలితమే తప్పొస్తుంది.

ఇంకో చిన్న విషయం. అక్షరాల సంఖ్య బేసి అయితే చివర ఒక పూరక బైటు ఉంటుంది. రికార్డు చివరిదాకా చదివేస్తే లేబుల్ తోకలో చెత్త చేరుతుంది. లోపల రాసి ఉన్న సంఖ్యనే నమ్మాలి.

బైట్లు వచ్చాక వాటి పట్టిక తయారు చేయాలి: ఏ గడి ఏ తెలుగు ముక్క. ఇక్కడ ఆపరేటరమ్మ లేకపోతే నేను ఇంకా అక్కడే ఉండేవాణ్ణి. ఫోన్లో ఆమె చెప్పింది ఒక్క మాటే: "క్రావడి ముందు కొట్టాలండీ, ఆ తర్వాతే అక్షరం." క్రావడి అక్షరానికి ఎడమపక్క కింద నుంచి చుట్టుకుంటుంది కదా, అందుకే ఆ ఫాంటులో అది ముందొస్తుంది. యూనికోడ్‌లో అక్షరం, పొల్లు, ర, ఈ వరసలో రావాలి. అంటే గడికి గడి మార్చేస్తే కుదరదు. ముక్కల్ని అక్షరాలుగా కూర్చి, లోపలి వరస మార్చి, అప్పుడు రాయాలి. తలకట్టు విషయమూ అంతే: పాత ఫాంటులో దానికి విడిగా ఒక ముక్క కావాలి, యూనికోడ్‌లో 'క' రాస్తే తలకట్టుతోనే వస్తుంది.

పట్టిక సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? దొరికిన రెండు పుస్తకాలు ఇందుకు పనికొచ్చాయి. మొదటి భాగం చూసి పట్టిక తయారు చేశాను, రెండో భాగంతో పరీక్షించాను. అదే పట్టికతో అదే పుస్తకాన్ని సరిచూసుకుంటే అన్నీ ఒప్పే అనిపిస్తాయి, కాబట్టి రెండో భాగాన్ని పట్టిక పూర్తయ్యేదాకా తెరవలేదు. తెరిచాక పదకొండు చోట్ల తేడా వచ్చింది. తొమ్మిది నా పట్టిక తప్పులు. మిగతా రెండిట్లో ఫైలు ఒకలా, అచ్చు ఒకలా ఉంది, అంటే అచ్చుకు ముందు ఎవరో పేజ్‌మేకర్లోనే దిద్దారన్నమాట.

అయినా మూడు, నాలుగు భాగాలకు తాళం చెవి లేదు. అక్కడ బొమ్మ వెంట బొమ్మ సరిచూడటం మానేసి, లేబుళ్లలోని మాటలన్నీ విడగొట్టి, ఒక్కో మాటా ఒక్కసారే వచ్చేలా అకారాది జాబితా తీశాను, పక్కన ఎన్నిసార్లు వచ్చిందో. అన్నీ కలిపి తొమ్మిది వందల మాటలు కూడా లేవు. మాస్టారు రెండు సాయంత్రాల్లో చదివేశారు. బొమ్మలో చూస్తే కన్ను అర్థాన్ని ఊహించుకుని ముందుకు పోతుంది. జాబితాలో మాట ఒంటరిగా ఉంటుంది కాబట్టి తప్పు తగులుతుంది. ఇదే జాబితాను పాత, చెడిన పీడీఎఫ్‌ల లేబుళ్ల మీద కూడా ప్రయత్నించి చూశాను: 'రకం' 38 సార్లు, 'రక్తం' సున్నా. జంతుశాస్త్రం పుస్తకంలో రక్తం ఒక్కసారీ లేదంటే ఎవరికైనా తెలిసిపోతుంది. పంపేముందు ఇది చేసి ఉండాల్సింది.

సాగిపోయిన బొమ్మలు

ఇది చిన్న సమస్య, కానీ నిర్ణయం ఆసక్తికరం. అసలు డబ్ల్యూఎంఎఫ్‌లో బొమ్మ ఎన్ని అంగుళాలో ఉండదు. పేజ్‌మేకర్ తయారుచేసిన ఆల్డస్ కంపెనీ ఆ కొరత తీర్చడానికి ముందు 22 బైట్ల హెడరు ఒకటి తగిలించింది. అందులో బొమ్మ హద్దులు, అంగుళానికి ఎన్ని యూనిట్లో ఉంటాయి. ఫైలు 215, 205, 198, 154 అనే బైట్లతో మొదలైతే ఆ హెడరున్నట్టు. మన 312లో 61 ఫైళ్లకు అది లేదు, సాగిపోయినవన్నీ అవే.

లోపల విండో (బొమ్మ గీసే చోటు) కొలత చెప్పే ఆర్డరు ఉంటుంది, దాని నిష్పత్తి వాడుకుంటే సరిపోదా అనిపించింది. కానీ అడ్డం యూనిట్, నిలువు యూనిట్ సమానంగా ఉండాలనే నియమం ఈ ఫార్మాట్‌లో లేదు. కాబట్టి నిజంగా గుండ్రంగా ఉండాల్సినవి వెతికాను. ఎర్ర రక్తకణాలు, కేంద్రకాలు, అండాలు. వాటి అడ్డం, నిలువు కొలిచి చూస్తే దాదాపు సమానం. అంటే ఈ ఫైళ్లలో యూనిట్లు చదరమే, విండో నిష్పత్తిని నమ్మొచ్చు. గుండ్రని వస్తువే లేని నాలుగైదు బొమ్మలకు మాస్టారి కంటినే నమ్మాను. అసలు పరిమాణం మాత్రం రెండు పుస్తకాల్లో స్కేలుతో కొలిచి, ఒక కాలమ్ వెడల్పు ఎంతో తెలుసుకుని దానికి సరిపెట్టాను.

వంపుల సంగతి: డబ్ల్యూఎంఎఫ్‌లో బెజియే వంపులకు (కొన్ని బిందువులు చెబితే నున్నగా గీసే వంపులకు) ఆర్డరే లేదు, అవి 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన తర్వాతి తరం మెటాఫైల్ ఈఎంఎఫ్‌లోకి చేరాయి. అందుకే కోరెల్‌లో నున్నగా గీసిన వంపు ఇక్కడ చిన్న చిన్న గీతల ముక్కలైంది. ఆటోమేటిక్‌గా నునుపు చేసే టూల్ వాడి చూశాను. కవాటాల కొసలు మొద్దుబారాయి, రెండు కొసలు కలిసిపోయాయి. కవాటం మూసినట్టుందో తెరిచినట్టుందో బొమ్మలో తెలియాలి కదా. పాత సైజులోనే అచ్చు వేస్తే ముక్కలు కంటికి ఆనవు కాబట్టి అలాగే వదిలేశాను. అట్ట మీద పెద్దగా వేయాల్సిన గుండెను మాత్రం కొత్తగా గీయించాం.

రంగులు ఆర్‌జీబీలో (తెర మీద వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలయికలో) ఉంటాయి, సన్న నల్ల గీత నాలుగు రంగుల నలుపుగా విడిపోతే అచ్చులో అంచు చెదురుతుంది. అన్నిటినీ ఒంటి నలుపుకి మార్చేశాను. ఏడు ఫైళ్లలో అసలు గీతలే లేవు, ఒక్క రికార్డులో స్కాన్ చేసిన బొమ్మను దూర్చారు. వెక్టార్ (గీతల ఆర్డర్లతో తయారయ్యే బొమ్మ) అన్నది వాటికి పేరు వరకే. అవీ కొత్తగా గీయించాం.

తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు పాత వెక్టార్ ఫైలు ఏది వచ్చినా ముందు తెరిచి చూడను, రికార్డుల లెక్క తీస్తాను: ఎన్ని ఫాంట్లు, ఏ పేర్లు, అక్షరాల్లో ఏ బైట్లు ఎన్నిసార్లు. 173, ఇంకా ఆ అయిదు గళ్లు కనిపిస్తే క్లయింటుకి ముందే చెబుతాను, టైమూ రేటూ రెండూ పెరుగుతాయని. అక్షరాల్ని గీతలుగా మార్చడం అన్నిటికంటే చివరన చేస్తాను, ఒకసారి మార్చాక తప్పు దిద్దడానికి వెనక్కి దారి ఉండదు. మూలం ఫైళ్లను ముట్టుకోకుండా, విడిగా లేబుల్ జాబితా ఒకటి (ఫైలు పేరు, చోటు, పాత బైట్లు, యూనికోడ్ మాట) బొమ్మలతో పాటే ఇస్తాను. పట్టికలో తప్పు తర్వాత ఎవరైనా పట్టుకున్నా, మళ్లీ మొదటి నుంచి మొదలెట్టక్కర్లేదు. పని మొదలెట్టేముందు ఆ ఫైళ్లు టైపు చేసిన మనిషి ఎక్కడున్నారని అడగడం కూడా అలవాటైంది. క్రావడి సంగతి నాకు ఏ మాన్యువల్లోనూ దొరకలేదు.

అప్పగించాల్సిన రోజు మాస్టారు మళ్లీ ఫోన్ చేశారు. మూడో భాగంలో కప్ప గుండె బొమ్మ. కుడి కర్ణిక, ఎడమ కర్ణిక లేబుళ్లు తారుమారయ్యాయట. నా గుండె జారింది. బైట్లు తీసి చూశాను, చోట్లు చూశాను, పాత ఫైల్లోనే అలా ఉంది. ఆ మాటే చెప్పాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అయితే పాతికేళ్ల కిందట నేనే తప్పు గీసిచ్చానన్నమాట" అన్నారు.

దిద్దాలా వద్దా అని ప్రచురణకర్త నన్నడిగారు. మూలం మార్చకూడదన్నది నా షరతు, తప్పుతో పుస్తకం వేయకూడదన్నది ఆయన బాధ. అచ్చుకి దిద్దింది వెళ్లింది. ఫోల్డర్లో ఆ ఒక్క బొమ్మకు మాత్రం రెండు ఫైళ్లున్నాయి, రెండో దాని పేరు చివర మాస్టారే పెట్టమన్న మాట ఉంది: 'తప్పొప్పు'.